కర్రపెండలం చేలో పంట వ్యర్థాలను, ఎరువులను కలిపి వాడే పద్ధతి

పెద్దాపురం, జగ్గంపేట, గండేపల్లి, రంగంపేట మెట్టల్లోని ఎర్ర గరప నేలల్లో కర్రపెండలం పండించే రైతులు చాలామంది ఒకే మాట చెబుతారు. వెనకటి రోజుల్లో ఊరినంత దుంప ఇప్పుడు ఊరడం లేదని, వేసే ఎరువు బస్తాలు తగ్గకపోయినా దిగుబడి మాత్రం తగ్గుతోందని వారి బాధ. సామర్లకోట, పెద్దాపురం సగ్గుబియ్యం మిల్లులకు బండ్లకొద్దీ దుంప తరలిపోయిన తర్వాత ఆ చేలో ఏం మిగిలిందో ఒకసారి పరిశీలిస్తే ఈ మాటకు కారణం దొరుకుతుంది. దుంపను మిల్లుకు పంపుతాము, కర్రలో కొంత విత్తనానికి ఉంచుకుంటాము, మిగిలిన కర్రను గట్టు మీద పోగేసి తగలబెడతాము. నేలకు తిరిగి చేరేది రాలిన ఆకు ఒక్కటే. ఈ వ్యాసంలో ఆ మిగిలిన కర్రను, పక్క పొలాల్లోని వరిగడ్డిని, చొప్పను, పచ్చిగానే నేలలో కలియదున్నే పచ్చిరొట్టను రసాయనిక ఎరువులతో కలిపి ఏ వేళకు ఏ విధంగా వాడాలో వివరిస్తాను.

ముందుగా ఒక లెక్క చూడాలి. టన్ను కర్రపెండలం దుంపతో పాటు సుమారు రెండు కిలోల దాకా నత్రజని, మూడు కిలోల దాకా పొటాషియం చేను దాటి పోతాయి. ఎకరాకు పది టన్నులు తవ్విన చేనైతే పొటాషియం ముప్పై కిలోల వరకు పోతుంది. దాన్ని మ్యూరేట్ ఆఫ్ పొటాష్ అనే పొటాషియం ఎరువు రూపంలో పూడ్చాలంటే బస్తాకు పైగా కావాలి. నత్రజని తీరు వేరు. మొక్క తీసుకున్న నత్రజనిలో పెద్ద భాగం ఆకులోను, లేత కొమ్మలోను ఉంటుంది కాబట్టి ఆ భాగాలు చేలోనే ఉంటే నత్రజని నష్టం తక్కువ. అందువల్ల దుంపతో పోయే పొటాష్‌ను బస్తా నుంచి పూడ్చుకోవాలి, ఆకులోను, కర్రలోను ఉన్నదాన్ని చేనుదాటనివ్వకూడదు. నేలను గుల్లగా ఉంచి తేమను పట్టి ఉంచే సేంద్రియ పదార్థాన్ని ఏ బస్తా ఇవ్వలేదు, అది గడ్డీగాదం నుంచే రావాలి. సేంద్రియమా రసాయనమా అనే వాదం నా దృష్టిలో దుంప రైతుకు అక్కరకు వచ్చేది కాదు, ఎందుకంటే ఈ రెండూ రెండు వేరు వేరు లోట్లను పూడుస్తాయి.

ఏ వ్యర్థం ఎంత కాలానికి చివుకుతుంది

అన్ని వ్యర్థాలనూ ఒకే తీరున చూడడం వల్లనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. జనుము, అలసంద, మినుము, వేరుశనగ వంటి పప్పుజాతి పంటల తీగలోను, ఆకులోను నత్రజని ఎక్కువగా ఉంటుంది. అవి నేలలో కలిసిన రెండు మూడు వారాల్లోనే మెత్తబడి, పంటకు నత్రజనిని వదలడం మొదలుపెడతాయి. వరిగడ్డి, మొక్కజొన్న చొప్ప, చెరకు ఆకు అలాంటివి కావు. వరిగడ్డిలో కర్బనం నత్రజని కన్నా అరవై నుంచి ఎనభై రెట్లు ఉంటుంది. దాన్ని చివికించే సూక్ష్మజీవులకు తమ ఒంటికి కావలసిన నత్రజని గడ్డిలో చాలదు కనుక, నేలలో ఉన్నదాన్ని, మనం వేసిన యూరియాలో కొంతను అవే తీసేసుకుంటాయి. ఆ నత్రజని ఎక్కడికీ పోదు, ఆ జీవులు చచ్చిన తర్వాత మళ్లీ నేలకు వస్తుంది, కానీ ఈలోగా నాలుగైదు వారాల పాటు లేత మొక్క పాలిపోయి నిలబడిపోతుంది. ఒక ఏడాది మా చేలో మొక్కజొన్న చొప్పను రోటవేటర్‌తో కలియదున్నించి, తొలకరి పదును పోతుందన్న తొందరలో వారం తిరగకుండానే ముచ్చెలు, అంటే విత్తనంగా నరికిన కర్ర ముక్కలు, నాటాము. నెల దాటినా మొక్కలు పసుపుపచ్చగానే ఉన్నాయి. చొప్ప వేయని పక్క మడి మాత్రం పచ్చగా ఎదిగింది. తప్పు చొప్పది కాదు, దాన్ని వేసిన వేళది.

జీడిమామిడి ఆకు ఇంకా మొండిది. దాన్ని నేలలో కలపడం కన్నా మొక్కల మధ్య పరచడానికి వాడుకుంటే మేలు.

చొప్ప, గడ్డి చేలోనే కలపదలచినప్పుడు

ముచ్చెలు నాటే నాటికి కనీసం ఆరు వారాల ముందు ఈ పని ముగియాలి. చొప్పను జానెడు కన్నా చిన్న ముక్కలుగా నరికి, లేదా ట్రాక్టరుతో నడిచే యంత్రంతో ముక్కలు చేయించి, చేనంతా సమంగా చల్లాలి. పొడుగు చొప్పను అలాగే దున్నితే అది నాగలికి చుట్టుకోవడమే కాక నేలలో గూళ్లు ఏర్పడి తేమ ఆరిపోతుంది. టన్ను వరిగడ్డిలో ఉండే నత్రజని సుమారు ఆరు కిలోలే కనుక, త్వరగా చివకడానికి మరో నాలుగు కిలోలు అందించాలి. అది తొమ్మిది కిలోల యూరియాతో సమానం. యూరియా లేకపోతే పశువుల గెత్తాన్ని, అంటే పేడ ఎరువును, పలచగా చల్లినా ఫలితం ఉంటుంది. వేసవి వాన పడిన మరునాడు పదునులో పది పన్నెండు సెంటీమీటర్ల లోతున కలియదున్నాలి. అంతకన్నా లోతుగా పూడిస్తే గాలి అందక సరిగా చివకదు. ఎండు నేలలో కలిపిన గడ్డి వాన పడేదాకా ఏ మార్పూ లేకుండా అలాగే ఉంటుంది కాబట్టి, ఆరు వారాల లెక్కను దున్నిన రోజు నుంచి కాక నేల తడిసిన రోజు నుంచి మొదలుపెట్టాలి. మెట్టలో ఈ ఒక్క విషయం మరిచినందువల్ల చాలా శ్రమ వృథా అవుతుంది.

అదే టన్ను గడ్డిలో పన్నెండు కిలోలకు తక్కువ కాకుండా పొటాషియం కూడా ఉంటుంది. ఇది పాతిక కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌తో సాటి. నత్రజని లాగా ఇది చివికే దాకా ఆగదు, గడ్డి బాగా తడిస్తే చాలు, నీటిలో కరిగి నేలలోకి దిగుతుంది. గడ్డిని తగలబెట్టినప్పుడు నత్రజని, గంధకం చాలావరకు పొగతో పోతాయి, కర్బనం దాదాపు పూర్తిగా పోతుంది. బూడిదలో పొటాష్ మిగిలే మాట నిజమే అయినా, వాలు మీద ఉన్న ఎర్ర నేలల్లో తొలి గట్టి వానకే ఆ బూడిద కొట్టుకుపోతుంది. కాల్చడం వల్ల చేను శుభ్రమైందని సంతోషించే రైతు తాను కోల్పోయినదాన్ని బస్తాల లెక్కలో చూసుకుంటే అగ్గిపెట్టె ముట్టడని నా నమ్మకం.

ఆరు వారాల వ్యవధి దొరకని చోట గడ్డిని చేలో కలపకుండా కంపోస్టు చేయడమే ఉత్తమం. నీడపట్టున, నీరు నిలవని చోట, ఆరడుగుల వెడల్పు, మూడు నాలుగు అడుగుల ఎత్తు వచ్చేలా కుప్ప వేయాలి. పొడవు మన దగ్గరున్న సరుకును బట్టి ఉంటుంది. జానెడు మందాన ముక్కలు చేసిన గడ్డి, దాని మీద పేడనీళ్లు, దాని మీద పలచగా పాత గెత్తం లేదా చెరువు మట్టి, ఈ వరుసలో పొరలు పేర్చుకుంటూ పోవాలి. పచ్చి కలుపు, అలసంద తీగ దొరికితే గడ్డితో కలపాలి. తేమ ఎంత ఉండాలన్నది చేత్తోనే తెలుసుకోవచ్చు. గుప్పెడు సరుకును గట్టిగా పిండితే వేళ్ల సందుల్లో చెమ్మ కనపడాలి, నీరు కారకూడదు. మొదటి వారంలో కుప్ప లోపల చెయ్యి పెట్టలేనంత వేడి పుడుతుంది. ఆ వేడికే కలుపు విత్తనాలు చాలావరకు చస్తాయి. రెండు వారాలకు ఒకసారి, నెలకు మరొకసారి, రెండు నెలలకు ఇంకొకసారి కుప్పను తిరగవేసి తడపాలి. మూడు నాలుగు నెలలకు అది నల్లబడి, చేత్తో నలిపితే పొడిపొడిగా రాలి, మట్టివాసన వస్తుంది. అమ్మోనియా ఘాటు వస్తోందంటే ఇంకా మాగలేదని అర్థం, దాన్ని చేనుకు తోలకూడదు. సగం మాగిన గెత్తంతో పాటు వేరుపురుగు చేనులోకి చేరుతుంది, ఆ తర్వాత దానిని వదిలించుకోవడం కష్టం.

కర్రపెండలం తన వెనుక వదిలేది

దుంప తవ్వే సమయంలో చేలో ఆకు, లేత కొమ్మలు, ముదురు కర్ర, మొదళ్లు ఉంటాయి. ఆకును, లేత కొమ్మలను అక్కడికక్కడే నరికి పరచాలి. పచ్చి ఆకును పశువులకు, మేకలకు నేరుగా వేయడం ప్రమాదం, అందులోని సయనైడ్ వల్ల పశువులు చనిపోవచ్చు. ముదురు కర్రలో మధ్యభాగం విత్తనానికి పనికివస్తుంది. ఒక మొక్క కర్ర నుంచి సుమారు పది ముచ్చెలు వస్తాయి కనుక, చేలోని కర్రలో కొద్ది వంతే విత్తనానికి సరిపోతుంది, మిగిలినదంతా నేలకు చెందాల్సిన సొత్తు. అయితే దాన్ని పచ్చిగా ముక్కలు చేసి దున్నితే, ఒక్క కన్ను ఉన్న ముక్క కూడా మొలిచి, తర్వాతి పంటలో కలుపై కూర్చుంటుంది. అందుచేత నరికిన కర్రను రెండు మూడు వారాలు ఎండలో పలచగా ఆరబెట్టి, గలగలలాడేలా ఎండిన తర్వాత ముక్కలు చేయాలి. చొప్పను ముక్కలు చేసే యంత్రానికి ముదురు మొదళ్లు లొంగవు. వాటిని వాలుకు అడ్డంగా వరుసలుగా పేర్చి ఉంచితే, తొలి మూడు నెలల్లో పైరు ఇంకా నేలను కప్పనప్పుడు, వాన నీటితో కొట్టుకుపోయే మట్టిని అవి పట్టి ఆపుతాయి. కర్రపెండలం చేలలో మట్టి కోత ఎక్కువగా జరిగేది ఆ మూడు నెలల్లోనే.

మొజాయిక్ తెగులు సోకిన కర్ర గురించి అనుమానాలు ఉంటాయి. ఆ వైరస్ తెల్లదోమ ద్వారాను, తెగులు సోకిన ముచ్చెల ద్వారాను వ్యాపిస్తుంది తప్ప నేలలో ఉండిపోయి సోకదు. కాబట్టి తెగులు సోకిన కర్రను విత్తనానికి ఎంతమాత్రం వాడకూడదు, కానీ పూర్తిగా ఎండిన తర్వాత ముక్కలు చేసి నేలలో కలిపితే నష్టం లేదు. పిండినల్లి దట్టంగా పట్టిన కర్రను మాత్రం చేలో వదలకుండా కాల్చివేయాలి. నేను కాల్చమని చెప్పేది ఈ ఒక్క సందర్భంలోనే.

మిల్లుకు దగ్గర్లో ఉన్న రైతులకు దుంప తొక్క కూడా దొరుకుతుంది. దాన్ని తాజాగా చేలో వేయకుండా పైన చెప్పిన కుప్పలో గడ్డితో కలిపి మాగనివ్వాలి. తడితడిగా ఉండే తొక్క ఒక్కటే పోగుపెడితే పులిసి దుర్వాసన వస్తుంది, ఎండుగడ్డి కలిస్తే ఆ ఇబ్బంది ఉండదు.

నాటే వేళ

తిరువనంతపురం దగ్గర శ్రీకార్యంలో 1963లో ఏర్పడిన కేంద్రీయ దుంప పంటల పరిశోధన సంస్థ కర్రపెండలానికి హెక్టారుకు పన్నెండున్నర టన్నుల పశువుల ఎరువు, వంద కిలోల నత్రజని, యాభై కిలోల భాస్వరం, వంద కిలోల పొటాష్ సిఫారసు చేసింది. ఎకరాకు ఇది అయిదు టన్నుల గెత్తం, 40 కిలోల నత్రజని, 20 కిలోల భాస్వరం, 40 కిలోల పొటాష్ అవుతుంది. అయిదు టన్నుల గెత్తం ఈనాడు ఎంతమందికి దొరుకుతుందన్నది అసలు చిక్కు. పశువులు తగ్గిన ఊళ్లలో గెత్తం కొనుక్కోవడం కన్నా, అదే సంస్థ 1977 నుంచి ఏళ్ల తరబడి నడిపిన ఎరువుల ప్రయోగం చూపిన దారి పట్టడం మంచిది. కర్రపెండలం ఆకును, కర్రను తిరిగి నేలలో కలపడం గాని, అలసందను చేలోనే పెంచి కలియదున్నడం గాని గెత్తానికి బదులుగా పనిచేస్తాయని అక్కడ తేలింది.

వేసవి వానలు ముందుగా పడిన ఏడాది ఎకరాకు పన్నెండు నుంచి పదిహేను కిలోల జనుము చల్లి, పూత మొదలయ్యే నలభై అయిదు, యాభై రోజుల నాటికి కలియదున్నాలి. టన్ను పచ్చి జనుములో నాలుగైదు కిలోల నత్రజని ఉంటుంది. కాయ ముదిరేదాకా ఆగితే కాడ నారబారి చొప్పలాగే మొండికేస్తుంది. దున్నిన తర్వాత పది, పదిహేను రోజులు గడిచాక ముచ్చెలు నాటవచ్చు. వేసవి వాన రాని ఏడాది దీనికోసం ఆశపడి నాటు ఆలస్యం చేయకూడదు. అప్పుడు ముచ్చెలు నాటే మట్టి గట్లైన బోదెల మధ్య అలసంద వేసుకునే మార్గం ఉంది.

ఎర్ర నేలల్లో ఎండు వ్యర్థానికి చెదలు పడతాయి, అవే ముచ్చెలను కూడా తినేస్తాయి. అందుచేత చివకని గడ్డి, కర్రముక్కలు ముచ్చెకు తగలకుండా చూసుకోవాలి. ముచ్చె నాటే చోట బాగా మాగిన ఎరువును మాత్రమే, కొద్దిగా వేపపిండి కలిపి వేయాలి. జానెడు పొడవు ముచ్చెలను మూడడుగుల ఎడంతో నాటితే ఎకరాకు దాదాపు అయిదు వేల మొక్కలు పడతాయి.

బస్తాల లెక్క

ఎరువు మోతాదు నిర్ణయించే ముందు నేలను పరీక్ష చేయించాలి. ఎకరంలో ఎనిమిది, పది చోట్ల ఆంగ్ల వి అక్షరం ఆకారంలో జానెడు లోతు గుంటలు తీసి, గుంట పక్క నుంచి పైనుంచి కిందిదాకా సమంగా మట్టి చెక్కి, అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలో మిగిల్చి నీడలో ఆరబెట్టి పంపాలి. పాత పెంటపోగు ఉన్న చోట, చెట్టు కింద, గట్టు వారన మట్టి తీయకూడదు. ఏళ్లుగా డీఏపీ అనే భాస్వరం ఎరువు వేస్తున్న చేలలో భాస్వరం పేరుకుపోయి ఉంటుంది. నివేదికలో భాస్వరం ఎక్కువని వస్తే ఆ ఎరువును సగానికి తగ్గించడానికి, కొన్నేళ్లు మానడానికి కూడా వెనకాడనక్కరలేదు. ఆ డబ్బును పొటాష్‌కు మళ్లించడం తెలివైన పని.

దుంప పంటల పరిశోధన సంస్థ ఎకరాకు చెప్పిన ఆ మోతాదును బస్తాల్లోకి మార్చితే యూరియా 87 కిలోలు, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 125 కిలోలు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 67 కిలోలు అవుతాయి. డీఏపీ కన్నా సూపర్ వైపే నేను మొగ్గుతాను, ఎందుకంటే దానిలో గంధకం, కాల్షియం కూడా ఉన్నాయి, మన ఎర్ర నేలలకు ఆ రెండూ కావాలి. భాస్వరం మొత్తాన్ని నాటేటప్పుడే వేయాలి. నత్రజనిలో సగం, పొటాష్‌లో సగం అప్పుడే వేసి, మిగిలిన సగాలను నలభై అయిదు నుంచి అరవై రోజుల మధ్య, కలుపు తీసి మొదళ్లకు మట్టి ఎగదోసేటప్పుడు వేయాలి. ఇసుక పాలు ఎక్కువైన నేలల్లో ఆ రెండో వంతును ఇంకో రెండుగా విడదీసి వేస్తే వాననీటితో పోయేది తగ్గుతుంది. ఎరువును మొక్క మొదట్లో పోయకుండా జానెడు దూరాన, బోదె పక్కన చాలు తీసి వేసి మట్టితో కప్పాలి. పైన చల్లిన యూరియాలో చాలా భాగం గాలిలో కలిసిపోతుంది.

వ్యర్థాలు కలిపిన చేలో ఈ మోతాదును ఎంత తగ్గించవచ్చని అడిగితే, జాగ్రత్తగా సమాధానం చెప్పాలి. పచ్చిరొట్ట బాగా పెరిగి నేలలో కలిసిన చేలో రెండో దఫా యూరియాను కొంత తగ్గించవచ్చు. ఎకరాకు రెండు టన్నుల వరిగడ్డి కలిపిన చేలో నాటేటప్పటి పొటాష్‌ను తగ్గించవచ్చు. వరిగడ్డి, చొప్ప కలిపిన మొదటి ఏడాది నత్రజనిని మాత్రం ఒక్క కిలో కూడా తగ్గించకూడదు. వరుసగా మూడు, నాలుగేళ్లు వ్యర్థాలు కలుపుతూ వచ్చి, నేల పరీక్షలో సేంద్రియ కర్బనం పెరిగినట్టు కనిపించిన తర్వాతే నత్రజని తగ్గింపు గురించి ఆలోచించాలి.

యూరియా ఎక్కువైతే కర్రపెండలం గుబురుగా, ఏపుగా ఎదిగి చూడ్డానికి ఆనందాన్నిస్తుంది, కింద మాత్రం దుంప సన్నగా ఉంటుంది. పొటాష్ చాలకపోతే ముదురు ఆకుల అంచులు పసుపుబారి ఎండుతాయి, దుంపలో పిండి తగ్గుతుంది. మిల్లులో పిండి పదార్థాన్ని బట్టి ధర కట్టేటప్పుడు ఆ లోటు బయటపడుతుంది. లేత ఆకుల ఈనెల మధ్య తెల్లబారిన చారలు కనిపిస్తే జింకు లోపమని గుర్తించి, తర్వాతి పంటకు ఎకరాకు అయిదు కిలోల జింకు సల్ఫేట్‌ను భాస్వరం ఎరువుతో కలపకుండా విడిగా వేయాలి.

వరుసల మధ్య ఖాళీ

మొదటి రెండు, రెండున్నర నెలలు వరుసల మధ్య నేల ఖాళీగానే ఉంటుంది. అక్కడ మినుము, అలసంద, వేరుశనగ ఒక వరుస చొప్పున వేసుకుంటే, కాయ కోసుకున్నాక ఆ తీగను మొదళ్లకు ఎగదోసే మట్టి కింద పూడ్చవచ్చు. కాయతో కొంత రాబడి, తీగతో ఎరువు వస్తాయి, తొలకరి వానకు నేల కోసుకుపోవడం కూడా తగ్గుతుంది. అంతరపంటకు కావలసిన ఎరువు విడిగా వేయాలి, అసలు పంట వాటా నుంచి దానికి పంచకూడదు.

కందకు, చిలగడదుంపకు వేరు పద్ధతి

గోదావరి లంకల్లో, కొవ్వూరు పరిసరాల్లో కంద వేసే రైతులు వరిగడ్డిని నేలలో కలపడం కన్నా పైన పరచడానికి వాడితే ఎక్కువ లాభం పొందుతారు. కొవ్వూరు ఉద్యాన పరిశోధన స్థానం నుంచి వచ్చిన గజేంద్ర రకం కంద మొలక రావడానికే నెల పైన పడుతుంది. ఆ కాలమంతా గడ్డి పరిచి ఉంటే తేమ ఆరదు, కలుపు రాదు. కందకు ఎరువు మరింత ఎక్కువ కావాలి, హెక్టారుకు పాతిక టన్నుల గెత్తం సిఫారసులో ఉంది. మొదలుకుళ్లు వచ్చే చేలలో 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, కుళ్లు తెగులును అణచే మేలు శిలీంధ్రం ట్రైకోడెర్మా 2 కిలోలు కలిపి, నీడలో తడి గోనె కప్పి వారం, పది రోజులు ఉంచి గుంటల్లో వేసుకోవాలి. దీన్ని రసాయనిక ఎరువులతో గాని, తెగులు మందులతో గాని కలపకూడదు.

చిలగడదుంప విషయంలో నేను ఇంతవరకు చెప్పిన సూత్రానికి మినహాయింపు ఉంది. ముక్కుపురుగు తీగ మొదళ్లలోను, చేలో మిగిలిన దుంపముక్కల్లోను బతికి ఉండి తర్వాతి పంటకు వస్తుంది. కనుక పురుగు పట్టిన చేలో తీగను, ముక్కలను ఏరి బయటకు తీసి, పనికొచ్చే లేత తీగను పశువులకు వేసి, మిగిలినది లోతుగా పూడ్చాలి గాని చేలో కలపకూడదు. చిలగడదుంపకు నత్రజని ఎక్కువైతే తీగ అల్లుకుంటుంది తప్ప దుంప ఊరదు.

ఈ పద్ధతిని మొదటిసారి పాటించే రైతు చేనంతా ఒక్కసారి మార్చకుండా, అరెకరంలో మొదలుపెట్టాలి. అదే అరెకరంలో వ్యర్థం కలపని నాలుగు వరుసలు విడిచి, ఎరువు మాత్రం అన్నింటికీ సమానంగా వేయాలి. తవ్వేనాడు రెండు వైపుల నుంచి ఇరవయ్యేసి మొక్కల దుంపను విడివిడిగా తూకం వేసి, ఆ రెండు చోట్ల మట్టిని మళ్లీ పరీక్షకు పంపి, తూకాన్ని, పరీక్ష ఫలితాన్ని తేదీతో సహా ఒక పుస్తకంలో రాసి పెట్టుకోవాలి. విత్తనానికి ఉంచే కర్రను కూడా ఆ రోజే మొజాయిక్ మచ్చ లేని మొక్కల నుంచి ఏరి, కట్టలు కట్టి, గాలి ఆడే నీడలో నిలువుగా నిలబెట్టాలి.